మొట్టమాడి కింద గది: గ్లాస్ వూలా, రాక్‌వూలా, అసలు ఉన్ని అవసరమా?

మా అక్క పెరంబూరులో ఆఖరి అంతస్తు ఫ్లాటు కొని ఫిబ్రవరిలో పాలు పొంగించింది. ఏప్రిల్ రెండో వారానికల్లా ఫోను. "రాత్రి పదకొండయినా పైకప్పు పెనంలా ఉందిరా. పడకగదికి ఫాల్స్ సీలింగ్ వేయించి లోపల ఏదో ఉన్ని పరిపిస్తే చల్లగా ఉంటుందంటున్నారు. ఏది పెట్టించమంటావు?" ఆ వారంలోనే బెంగళూరు నుంచి తమ్ముడు. వాడిదీ ఉన్ని గొడవే, కారణం వేరు. విల్లివాక్కంలో మా సొంత ఇంటి మొట్టమాడి మీది రేకుల గదికి నేను ఒకే పని రెండుసార్లు చేయించుకుని డబ్బు పోగొట్టుకున్నాను కాబట్టి, ఈ విషయంలో నాకేదో తెలుసని ఇంట్లో వాళ్ల నమ్మకం. (మద్రాసు తెలుగువాళ్లం మిద్దె మీది ఖాళీ జాగాను మొట్టమాడి అనే అంటాం, డాబా అనే మాట మాకు సెలవులకు ఊరెళ్లినప్పుడే.)

ఇక్కడ ఉన్ని అంటే గొర్రె ఉన్ని కాదు, వేడిని, చప్పుడును ఆపడానికి గాజునో రాతినో కరిగించి తీసిన నూలు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పలేకపోయాను. ఏది కొనాలన్నది ఉన్నిని బట్టి కాదు, మీ కప్పును బట్టి తేలుతుంది. కొన్న తర్వాత పనిచేస్తుందా లేదా అన్నది పరిచిన చేతిని బట్టి తేలుతుంది.

వేడి ఎక్కడినుంచి వస్తోంది

చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో ఒకసారి, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. ఆ నడుమ నెలల్లో కూడా నడినెత్తికి పెద్దగా దూరం పోడు. అంటే ఎండ పడేది గోడల మీదకన్నా కప్పు మీద ఎక్కువ. 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది, అది గాలి వేడి మాత్రమే. ఎండలో ఉన్న కాంక్రీటు పైముఖం మామూలు మే నెలలోనే 60కి అటూ ఇటూ పోతుంది. చెప్పుల్లేకుండా వడియాలు తీయడానికి వెళ్లినవాళ్లకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

కాంక్రీటు వేడిని ఆపదు, దాచుకుంటుంది. పగలంతా తాగిన ఎండను సాయంత్రం నుంచి గదిలోకి వదులుతుంది. అక్క "రాత్రి పదకొండయినా" అన్నది అందుకే. ఒట్టి ఆరంగుళాల శ్లాబు యూ విలువ, అంటే ఒక చదరపు మీటరులోంచి ఒక్కో డిగ్రీ తేడాకు ఎన్ని వాట్ల వేడి దిగుతుందన్న లెక్క, 3 దాటి ఉంటుంది. ఇళ్ల కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత పైకప్పుకు ఇది 1.2 మించకూడదంటుంది. మన ఇళ్లలో చాలావాటికి ఆ సంగతి తెలియదు.

మోటు లెక్క ఒకటి వేసుకుందాం. 10 అడుగులకు 12 అడుగుల గది అంటే సుమారు 11 చదరపు మీటర్లు. పైన 60 డిగ్రీలు, లోపల 27. ఒట్టి శ్లాబులోంచి దిగే వేడి దాదాపు 1,200 వాట్లు. ఒక టన్ను ఏసీ తీసేయగలిగేది 3,500 వాట్లు కాబట్టి అందులో మూడో వంతు కప్పుకే పోతోంది. కప్పు కింద 50 మి.మీ. ఉన్ని సరిగ్గా పరిస్తే యూ విలువ 0.6 దగ్గరికి, దిగే వేడి 200 వాట్ల చిల్లరకు వస్తుంది. రెండు అంగుళాల ఉన్ని ఆపే వేడిని ఒట్టి కాంక్రీటుతో ఆపాలంటే రెండు మీటర్లకు పైగా మందం పోయాలి.

ముందు మీ కప్పు ఏదో చూడండి

సొంత ఇల్లు, శ్లాబు కప్పు, మొట్టమాడి మీ చేతిలోనే ఉంది. అలాగైతే ఉన్ని జోలికి వెళ్లకండి. వేడిని శ్లాబు పైనే ఆపడం మేలు. లోపల ఆపితే గది చల్లబడుతుంది గానీ శ్లాబు మాత్రం రోజూ ఎండకు సాగుతూ, రాత్రి కుంచించుకుపోతూనే ఉంటుంది, పగుళ్లు అలాగే వస్తాయి. పైన పెట్టడానికి ఉన్ని పనికిరాదు. తొక్కితే అణుగుతుంది, తడిస్తే తడిగుడ్డతో సమానం. పైన వాడాల్సింది ఎక్స్‌పీఎస్ బోర్డు, అంటే గట్టి ప్లాస్టిక్ నురుగు పలక. నీళ్లు పీల్చదు, మనుషులు నడిచినా అణగదు. వాటర్‌ప్రూఫింగ్ మీద బోర్డు, దాని మీద నీళ్లు పోయే వాటం చూసి కాంక్రీటు పొర, ఆపైన టైల్స్.

పాత మద్రాసు మేస్త్రీలను అడిగితే సున్నం, ఇటుక జల్లి కలిపి కొట్టి, పైన తట్టోడు అనే పలచటి మట్టి పెంకులు పరచమంటారు. అది మంచి పద్ధతే, వాన నీళ్లను తప్పించడంలో దానికి తిరుగులేదు. చల్లదనం కోసమే అయితే అంత ఆశ పెట్టుకోకండి. నాలుగంగుళాల జల్లి కాంక్రీటు, పైన పెంకు కలిపినా యూ విలువ 2 కిందికి దిగదు. మా తాతగారింటి మద్రాసు మిద్దె చల్లగా ఉండేదంటే జల్లి ఒక్కదానివల్ల కాదు, పద్నాలుగడుగుల ఎత్తు, లావు గోడలు, ఎదురెదురు కిటికీలు కలిసి చేసిన పని అది.

తెల్ల పూత అన్నిటికన్నా చవక. శుభ్రంగా ఉన్నంతకాలం ఎండలో అధిక భాగాన్ని తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చిందీ ఇలాంటి పూతలను ప్రోత్సహించడానికే. చెన్నైలో దీని శత్రువు దుమ్ము, ఐప్పసి (అక్టోబరు, నవంబరు) వానల తర్వాత పట్టే నల్ల పాచి. సంక్రాంతికి కడిగి, అవసరమైన చోట మళ్లీ పూసుకునే ఓపిక ఉంటే పూతకు మించింది లేదు. ఏసీ లేని గదికి నేను చెప్పేది కూడా పూతే. ఏసీ లేకుండా ఉన్ని పెట్టించి, రాత్రి కిటికీలు మూసుకుని పడుకుంటే లోపలి ఫ్యాను వేడి, మన ఒంటి వేడి బయటకు పోక ఉక్క మిగులుతుంది.

ఫ్లాటు అయితే మొట్టమాడి సంఘానిది. పూత పూయాలన్నా మీటింగు పెట్టాలి, ఎక్స్‌పీఎస్ అంటే రెండు మీటింగులు, మూడు తగాదాలు. అందుకే ఆఖరి అంతస్తు ఫ్లాటు వాళ్లకు మిగిలేది లోపలి దారి, ఫాల్స్ సీలింగ్ పైన ఉన్ని. మొట్టమాడి మీద రేకుల గది వేసుకున్నవాళ్లకైతే ఉన్ని మేలైన దారి. ఇంకా రేకు వేయలేదు, ఇప్పుడే కడుతున్నాం అంటారా, రెండు రేకుల నడుమ పఫ్ (గట్టిపడిన పాలీయురేథేన్ నురుగు) నింపిన ప్యానెల్ ఒక్కసారే బిగించేసుకోండి. అదే మందానికి ఉన్నికన్నా బాగా ఆపుతుంది, పని రెండు రోజుల్లో అయిపోతుంది. మంట విషయంలో మాత్రం ఉన్నితో సమానం కాదు, వంటగది పైన వేయను.

థర్మోకోల్ షీట్లు సీలింగ్ మీద పరిచేస్తామని తక్కువ ధర చెప్పేవాళ్లు ఎదురవుతారు. అది కూడా వేడిని ఆపుతుంది, కాదనను. కానీ అంటుకునే సరుకు, 80 డిగ్రీలు దాటితే మెత్తబడి ముడుచుకుపోతుంది. కాలిన రేకుకు దగ్గరగా, వైర్ల పక్కన దాన్ని పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

గ్లాస్ వూల్, రాక్‌వూల్

విదేశాల్లో బ్యాట్ అని అమ్మేది ఇదే, చట్రం నడుమ ఇమిడేలా పరుపులా కోసిన ఉన్ని ముక్క. మన కొట్లలో బ్యాట్ అనడిగితే క్రికెట్ సామాన్ల షాపుకు దారి చూపిస్తారు. రోల్ అనో, స్లాబ్ అనో అడగాలి. పసుపు రంగులో మెత్తగా చుట్ట చుట్టి వచ్చేది సాధారణంగా గ్లాస్ వూల్, గాజును కరిగించి తీసిన నూలు. ఆకుపచ్చా గోధుమా కలిసినట్టుండి, బిరుసుగా పలకల్లో వచ్చేది రాక్‌వూల్, అగ్నిశిలను కరిగించి తీసింది.

వేడి ఆపడంలో రెండూ అన్నదమ్ములు. రెండిటి వాహకత, అంటే వేడిని ఎంత సులువుగా పోనిస్తుందన్న లెక్క, 0.035 చుట్టుపక్కలే. ఇది బాగా ఆపుతుంది, అది ఆపదు అని ఎవరైనా చెబితే వాళ్ల దగ్గర ఒకటే స్టాకు ఉందన్నమాట. తేడా మిగతా గుణాల్లో ఉంది.

బరువు చూడండి. ఉన్నిని ఘనపు మీటరుకు ఇన్ని కిలోలని డెన్సిటీ చెప్పి అమ్ముతారు. గ్లాస్ వూల్ 24, 32, 48 లోనూ, రాక్‌వూల్ 48, 64, 96 లోనూ దొరుకుతుంది. మన 11 చదరపు మీటర్ల గదికి 50 మి.మీ. మందంలో 24 డెన్సిటీ గ్లాస్ వూల్ మొత్తం 13 కిలోలు. 48 రాక్‌వూల్ అయితే 27 కిలోలు, 96 అయితే 50 దాటుతుంది. జిప్సం బోర్డు సీలింగ్‌కు 13 కిలోలు లెక్కే కాదు. 50 కిలోలంటే ఛానెళ్లు (బోర్డును బిగించే లోహపు పట్టీలు), వేలాడదీసే కడ్డీలు దగ్గర దగ్గరగా వేయమని ముందే చెప్పాలి.

మంట. రెండూ అంటుకోవు. కానీ గ్లాస్ వూల్ తీవ్రమైన మంటలో కరిగి కుంగిపోతుంది, రాక్‌వూల్ 1,000 డిగ్రీల దాకా నిలబడుతుంది. వంటగది, జనరేటరు గది, కరెంటు బోర్డు వెనుక గోడ, వీటికి రాక్‌వూలే.

చప్పుడు. రేకు మీద వాన పడుతుంటే గదిలో ఫోను మాట్లాడలేం. బరువైన రాక్‌వూల్ దానికి బాగా పనిచేస్తుంది. బెంగళూరు తమ్ముడి గొడవ ఇదే. వాడి అద్దె ఇంటి పక్క వాటాకూ వాడి గదికీ నడుమ జిప్సం బోర్డు గోడ, అవతలివాళ్ల టీవీ సీరియళ్ల కథ మొత్తం వాడికి వచ్చేసింది. బెంగళూరు వాతావరణానికి వేడి కోసం గోడలో ఉన్ని అక్కర్లేదు, చప్పుడు కోసం మాత్రం 50 మి.మీ., 64 డెన్సిటీ రాక్‌వూల్ పెట్టుకోమన్నాను, యజమాని ఒప్పుకుంటే.

బిరుసు. దీన్నే నేను అన్నిటికన్నా ఎక్కువ చూస్తాను. రాక్‌వూల్ పలకను కోసి నిలబెడితే నిలబడుతుంది, ఛానెళ్ల నడుమ బిగుతుగా దిగుతుంది, ఏళ్లు గడిచినా జారదు. తక్కువ డెన్సిటీ గ్లాస్ వూల్‌ను గోడలో నిలువుగా పెడితే నాలుగేళ్లకు కిందికి కుంగి, పైన జానెడు ఖాళీ వదులుతుంది. అందుకే నా పద్ధతి ఇది: పడుకోబెట్టే చోట, అంటే సీలింగ్ మీద, గ్లాస్ వూల్ చాలు, డబ్బు మిగులుతుంది. నిలబెట్టే చోట రాక్‌వూల్.

దురద రెండిటితోనూ ఉంటుంది. దురదగొండాకు తగిలినట్టే. ఫుల్ చేతుల చొక్కా, గ్లవ్స్, కళ్లద్దాలు, ఎన్95 మాస్కు ఉండాల్సిందే, పనివాళ్లు వద్దన్నా మీరే కొనివ్వండి. ఒంటికి అంటితే గోకకుండా చల్లటి నీళ్లతో కడగాలి. క్యాన్సర్ భయం గురించి అక్క అడిగింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2001లో ఈ రెండు ఉన్నులనూ, క్యాన్సర్ తెస్తుందని వర్గీకరించడానికి ఆధారం చాలదంటూ మూడో వర్గంలోకి మార్చింది. అసలు భయపడాల్సింది పాత ఆస్‌బెస్టాస్ రేకుకు, అది మొదటి వర్గంలో ఉంది. మీ రేకుల గది పాతదై ఉండి, బూడిద రంగు సిమెంటు రేకులైతే వాటికి రంధ్రాలు వేయించకండి, కోయించకండి, పొడిగా గీకించకండి. కింద వేరే చట్రం కట్టి, రేకును తాకకుండా సీలింగ్ వేయించుకోవాలి.

కొనేటప్పుడు ఒక చిన్న తంత్రం. 48 అని బిల్లు వేసి 24 పంపేవాళ్లు ఉన్నారు, చేత్తో నొక్కి చూసి తేడా కనిపెట్టడం మనవల్ల కాదు. 1.2 మీటర్ల వెడల్పు రోల్‌లోంచి ఒక మీటరు పొడవు, 50 మి.మీ. మందం ముక్క కోసి కిరాణా తక్కెడలో వేయండి. 48 డెన్సిటీ అయితే 2.9 కిలోలు తూగాలి. కిలోన్నర దగ్గర ఆగిపోతే అది 24. కట్ట మీద ఐ.ఎస్. 8183 అని ఉందా అన్నదీ చూడండి, మన దేశంలో ఈ ఉన్నికి ఉన్న ప్రమాణం అది.

మందం ముఖ్యమా, పని ముఖ్యమా

2016 డిసెంబరు 12న వార్దా తుపాను మా రేకుల గది కప్పును పక్కవాళ్ల వేపచెట్టు మీద పెట్టి వెళ్లింది. మళ్లీ కట్టేటప్పుడు ఎండ బాధ కూడా తీర్చుకుందామని, ఎంత మందమైతే అంత చల్లదనం అనుకుని 100 మి.మీ. గ్లాస్ వూల్ తెప్పించాను. పనికి ఒప్పుకున్నాయన రెండు రోజుల్లో ముగించాడు. బోర్డు మూసేశారు, రంగు వేశారు, అందంగా ఉంది. మే నెలలో గది ఎప్పటిలాగే ఉడికింది. ఫోను చేస్తే "సార్, చెన్నై ఎండకు ఎవరేం చేస్తారు" అన్నాడు.

జులైలో ఒక మూల బోర్డు విప్పించి చూశాను. రేకుకూ బోర్డుకూ నడుమ ఆయన వదిలిన చోటు రెండంగుళాలు. నాలుగంగుళాల ఉన్నిని అందులోకి కుక్కాడు. కడ్డీలు అడ్డొచ్చిన చోటల్లా ఉన్నిని చించి పక్కకు తోశాడు. గోడ అంచుల వెంట బెత్తెడు ఖాళీ. లైట్ల చుట్టూ అసలేమీ లేదు.

ఉన్నిలో వేడిని ఆపేది గాజూ కాదు, రాయీ కాదు. నూలు పోగుల నడుమ కదలకుండా చిక్కుకున్న గాలి. నొక్కితే ఆ గాలి పోతుంది. నాలుగంగుళాలది రెండంగుళాలకు కుక్కితే రెండంగుళాల ఫలితమే, ఇంకాస్త అటూ ఇటూ. మిగతా డబ్బు దండగ, పైగా బోర్డు కిందికి ఉబ్బుతుంది.

ఖాళీల సంగతి అంతకన్నా ఘోరం. శ్లాబు కింద 50 మి.మీ. లోపం లేకుండా పరిస్తే 0.6 వస్తుందన్నాను కదా. కప్పులో పదో వంతు మేర ఉన్ని లేదనుకోండి. ఆ పదో వంతులోంచి 3.3 లెక్కన వేడి దిగుతుంది, మొత్తం కలిపి చూస్తే 0.87. అంటే దిగే వేడి దాదాపు సగం పెరిగింది. ఇప్పుడు 100 మి.మీ. ఉన్ని, అదే పదో వంతు ఖాళీతో లెక్క వేస్తే 0.62. రెట్టింపు డబ్బు పెట్టి, శ్రద్ధగా పరిచిన రెండంగుళాల కన్నా ఓ మెట్టు కిందే ఉన్నాం. నాలుగంగుళాలా రెండంగుళాలా అని కొట్టులో గంటసేపు ఆలోచించేవాళ్లం, పరిచే రోజు గంటసేపు నిచ్చెనెక్కి చూడం.

నాది రేకు కప్పు కాబట్టి అంకెలు ఇంకా ఎక్కువే అయి ఉంటాయి.

రెండోసారి దగ్గరుండి చేయించాను. చుట్ట విప్పిన ఉన్నిని వెంటనే పెట్టలేదు, నేల మీద పరిచి కాసేపు వదిలితే నొక్కుడు పోయి అసలు మందానికి లేచింది. ఛానెళ్ల నడుమ ఖాళీని టేపుతో ప్రతిచోటా కొలిచి, దానికన్నా 10 మి.మీ. ఎక్కువ ఉండేలా పొడవాటి బ్లేడుతో కోశారు. ఆ కాస్త ఎక్కువే ముక్కను బిగుతుగా నిలిపేది. కడ్డీ వచ్చిన చోట చించకుండా ఒక గాటు పెట్టి కడ్డీ చుట్టూ మూశారు. వైరు అడ్డొస్తే ఉన్నిని వైరు మీద అణచలేదు, మందంలో సగానికి చీల్చి వైరును నడుమ పోనిచ్చారు. మేస్త్రి మొదట విసుక్కున్నాడు. "ఇదేమైనా పట్టుచీర కుచ్చిళ్లా సార్" అన్నాడు. మూడో వరస దాటాక తనే నా దగ్గర టేపు లాక్కున్నాడు.

ఫాల్స్ సీలింగ్‌లో చాలామంది చేసే పొరపాటు ఇంకొకటి. ఉన్నిని బోర్డుకు అంటుకునేలా కాకుండా ఛానెళ్ల మీద పైపైన పరిచేస్తారు. బోర్డుకూ ఉన్నికీ నడుమ రెండంగుళాల ఖాళీ మిగులుతుంది, ఏసీ గాలి లైట్ల రంధ్రాల్లోంచి అందులోకి ఎక్కి తిరుగుతుంటుంది. మనం చల్లబరుస్తున్నది గదిని కాదు, సీలింగ్ పైనున్న చీకటిని. ఉన్ని బోర్డును తాకుతూ ఉండాలి. సీలింగ్ ఛానెళ్ల దూరం మామూలుగా 450 మి.మీ., రోల్ వెడల్పు 1,200, కాబట్టి ఎటూ కోయక తప్పదు. గోడ చట్రం అయితే 600 దూరంలో వేయమనండి, 600 వెడల్పు పలకలు కోత లేకుండా దిగుతాయి.

వెండి కాగితం ఎటువైపు

ఉన్నికి ఒక ముఖాన అల్యూమినియం పొర అంటించి కూడా అమ్ముతారు, దాన్నే వెండి కాగితం అంటున్నాను. అక్క ఒక అమెరికా వీడియో పంపింది. అందులో ఆయన పొర అంటించిన ముఖాన్ని గదివైపు పెట్టి స్టేపుల్ కొడుతున్నాడు. అక్కడికి అది సరే. అక్కడి చలికాలంలో లోపలి వెచ్చని తేమ గోడలోకి దూరి బయటి చలికి నీరవుతుంది, దాన్ని ఆపడానికి పొర లోపలివైపు. చెన్నైలో ఊరే తలకిందులు. బయట ఉక్క, లోపల ఏసీ. తేమ బయటి నుంచి లోపలికి నడుస్తుంది.

సముద్రపు గాలి ఊరు మనది. ఉక్కపోత నెలల్లో ఇక్కడి గాలి 25 డిగ్రీల దగ్గరకు చల్లబడితే చాలు, నీరు వదిలేస్తుంది. చల్లటి సోడా బుడ్డికి చెమట పట్టినట్టే. ఏసీని 21 మీద పెడితే సీలింగ్ బోర్డు ఆ సోడా బుడ్డి అవుతుంది. పైనున్న తడిగాలి ఉన్నిలోంచి దిగి బోర్డు వెనుక చేరి అక్కడే నీరవుతుంది. బోర్డు మీద పసుపు మరకలు, తర్వాత నల్ల బూజు, "శ్లాబు కారుతోంది" అని సంఘంలో గొడవ. శ్లాబు పాపం నిర్దోషి.

కాబట్టి చెన్నైలో ఏసీ గదికి వెండి కాగితం పైకి, అంటే వేడివైపు ఉండాలి. అతుకులన్నీ అల్యూమినియం టేపుతో మూయాలి, టేపు వేయని కాగితం జల్లెడే. ఏసీని 24 మీదే ఉంచుకోండి. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 చూపించాలని నియమం వచ్చింది, కరెంటు కోసం పెట్టిన ఆ అంకె ఇక్కడ బోర్డును కూడా కాపాడుతుంది.

రేకు కప్పు కింద వెండి కాగితానికి రెండో ఉద్యోగం కూడా ఉంది. కాలిన రేకు కిందికి వెదజల్లే వేడిని అది తిప్పికొడుతుంది. ఆ పని చేయాలంటే దాని ముందు కనీసం ఒక అంగుళం గాలి ఖాళీ ఉండాలి. రేకుకు అంటించేస్తే అల్యూమినియం వేడిని హాయిగా మోసుకుపోతుంది. అందుకే రేకు, దాని కింద గాలి కదిలేంత ఖాళీ, తర్వాత వెండి ముఖం పైకి పెట్టిన ఉన్ని, కింద బోర్డు. నాలుగు మిల్లీమీటర్ల బుడగల షీటును "ఇదొక్కటే చాలు" అని అమ్మేవాళ్లున్నారు. ఖాళీ వదిలి కడితే కొంత పనిచేస్తుంది, అతికిస్తే దండగ, ఎలా కట్టినా ఉన్నికి బదులు మాత్రం కాదు.

షెడ్లలో వెండి ముఖం కిందికి కనబడేలా వైరు మెష్ మీద పరచడం చూసి ఉంటారు. ఏసీ లేని షెడ్డుకు అందం కోసం అలా చేస్తారు, ఫరవాలేదు. ఏసీ పెట్టే ఇంటి గదికి అది నమూనా కాదు.

లైట్లు, ఫ్యాను, ఎలుకలు

సీలింగ్‌లో దిగేసే లైట్లు ఉన్నిలో పూడిపోకూడదు. చుట్టూ మూడంగుళాలు వదలాలి, వాటికి కరెంటు సరిచేసి ఇచ్చే డ్రైవర్ డబ్బాలు ఉన్ని పైన ఉండాలి. ఇలా వదిలిన ప్రతి గుండ్రం ఒక ఖాళీయే, పైన లెక్క గుర్తుందిగా. పన్నెండు లైట్లు అడుగుతున్న అక్కకు నాలుగు చాలన్నాను, అవీ బోర్డు మీద బిగించేవి. కరెంటు వైర్లు ఉన్నిలో ఉంటే వాటి వేడి పోదు, ఏసీ వైరు పాతదైతే ఇప్పుడే లావుది లాగించేయాలి. ఫ్యాను కొక్కెం శ్లాబుదే వాడాలి, బోర్డుకు కట్టకూడదు. ఫ్లాటు గది పదడుగుల ఎత్తుంటే ఆరంగుళాలు పోయినా సరిపోతుంది, తొమ్మిదే అయితే ఫ్యాను తలకు తగిలేంత దిగుతుంది, ఒకసారి కొలుచుకోండి. ఎలుకలు ఉన్నిని తినవు, కానీ అందులో పిల్లలు పెడతాయి. రేకు అంచులకు సన్నని మెష్ బిగించి మూసేయండి.

చివరికి అక్కకు చెప్పింది

శ్లాబు కింద జిప్సం బోర్డు సీలింగ్, దాని మీద 50 మి.మీ., 32 డెన్సిటీ గ్లాస్ వూల్, వెండి ముఖం పైకి, టేపుతో సహా. ముందు పడకగది ఒక్కటే. అది ఒక వేసవి చూసి హాలు సంగతి. డబ్బు మిగిలింది కదా, మిగతా ఇళ్లవాళ్లతో మాట్లాడి మొట్టమాడికి తెల్ల పూత వేయించమన్నాను. ఆఖరి అంతస్తులో నాలుగు ఫ్లాట్లు, నలుగురూ ఉడుకుతున్నారు, మీటింగు ఒక్కదానితో అయిపోవచ్చు. పడమటి గోడ కూడా కాలుతోందని చెప్పింది. దానికి లోపల ఉన్ని చట్రం పెడితే గదిలో రెండున్నర అంగుళాలు పోతాయి. దానికన్నా బయట వెదురు తడిక కట్టుకుంటే ముందు ఎండే పడదు.

పని ఎప్పుడన్నది మిగిలింది. బావగారు పంచాంగం చూసే మనిషి, కర్తరిలో ఇంటి పని వద్దంటారు. ఈసారి ఆయన మాటే నా మాట. మేలో మొట్టమాడి కింద, ఉన్ని పోగుల నడుమ, మాస్కు పెట్టుకుని మనిషి పనిచేయలేడు, మాస్కు తీసేస్తాడు, పని తొందరపెడతాడు, ఖాళీలు వదులుతాడు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తడిసిన ఉన్నిని ఆరబెట్టి వాడదామనడం తడిసిన అప్పడాన్ని వేయించుకుందామనడమే. శ్లాబు ఎక్కడైనా కారుతుందా అన్నది ఆ వానల్లోనే తేలుతుంది కాబట్టి, అవి ముగిశాక సంక్రాంతికీ ఉగాదికీ నడుమ చేయించుకోమన్నాను. బోర్డులు మూసే ముందు రోజు సాయంత్రం నాకు ఫోను చేయమన్నాను. పెరంబూరు మా ఇంటికి అరగంట దూరం, టార్చిలైటూ టేపూ నేనే తెస్తాను.